గ్లోరీ అని పిలిస్తే

క్రిస్మస్ మర్నాడు రాయ్‌పూర్ దేవేంద్ర నగర్‌లో అబ్రహాం గారింట్లో పండగ వాసన ఇంకా పోదు. డబ్బాల్లో గులాబీ పువ్వుల పిండివంట, అరిసెలు సగం పైనే మిగిలి ఉంటాయి. గుమ్మానికి కట్టిన కాగితం నక్షత్రం వెలుగుతూనే ఉంటుంది. కానీ ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వరు. పొద్దు వాలేవేళకి ముందుగదిలో చాపలు పరిచి, గోడకున్న ఫోటో దించి బల్ల మీద పెట్టి, ఎదురుగా ఒక కొవ్వొత్తి వెలిగిస్తారు. ఫోటోలో ఏడేళ్ళ పిల్ల. రెండు జడలు, ముందు పన్ను ఊడిన నవ్వు. పేరు గ్లోరీ.

ఇరవై ఏళ్ళుగా అంతే.

రెండువేల నాలుగులో సముద్రం ఊళ్ళ మీదకి వచ్చిపడ్డ రోజు అది. రాయ్‌పూర్‌కి సముద్రమెక్కడ, ఆ రోజెక్కడ! అయినా ఇక్కడి తెలుగువాళ్ళలో ఎవర్ని కదిపినా ఆ రోజు ముక్క ఒకటి బయటికొస్తుంది. ప్రార్థనకి వచ్చే పక్కింటి ఉమారాణి ఏటా అదే చెబుతుంది.

"ఆదివారం కదా వదినా, పూరీలు వత్తుతున్నాను. టీవీలో ఆ నీళ్ళు చూసి ఏదో సినిమా అనుకున్నాను. మూకుట్లో నూనె మాడి పొగొచ్చేదాకా పొయ్యి సంగతే గుర్తులేదు. ఇప్పటికీ ఆదివారం పూరీ అంటే నాకు చెయ్యాడదు."

ఆమె భర్త సూరిబాబు అప్పుడు స్టేషన్లో టికెట్ల కిటికీ దగ్గర పనిచేసేవాడు. "బెర్తుందా అని ఒక్కడూ అడగలేదమ్మా. విజయవాడ వైపు ఏ బండైనా సరే, నిలబడి పోతాం అన్నారు. ఆ మొహాలు ఇంకా కళ్ళల్లోనే ఉన్నాయి" అంటాడు.

గ్లోరీ తల్లి విజయకుమారి మాత్రం కొవ్వొత్తి వైపు చూస్తూ వింటుంది.

ఆ రోజు ఆమె డ్యూటీలో ఉంది. నర్సు ఉద్యోగం, పండక్కి సెలవు దొరకలేదు. అబ్రహామే పిల్లలిద్దర్నీ తీసుకుని బందరు దగ్గర వాళ్ళమ్మగారి ఊరు వెళ్ళాడు. బండెక్కే పొద్దున రాయ్‌పూర్‌లో గజగజలాడించే చలి. విజయకుమారి తన చేత్తో అల్లిన పసుపు స్వెట్టరు గ్లోరీకి తొడిగింది. ఛాతీ మీద తెల్ల బాతు. "బందర్లో చలేముంటుందమ్మా, నన్ను చూసి నవ్వుతారు" అని పిల్ల గునిసింది. "వేసుకో. అమ్మ అల్లింది" అంది విజయకుమారి. కూతురితో ఆమె ఆడిన చివరి మాట అది.

ఆదివారం పౌర్ణమి. ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో సముద్రస్నానానికి వచ్చారు. పెద్దవాడు డేనియల్‌కి జ్వరమొస్తే తండ్రి వాడి దగ్గరే ఉండిపోయాడు. గ్లోరీ పొరుగుపిల్లలతో ఒడ్డుకి పోయింది. ఆ తర్వాత సంగతి దేశమంతా చూసింది. వార్డులో రోగుల మధ్య నిలబడి విజయకుమారీ చూసింది. ఫోన్లు కలవలేదు. బళ్ళు మారి మారి ఆమె అక్కడికి చేరేసరికి సమాధి కూడా అయిపోయింది. శవాల్ని ఉంచే పరిస్థితి లేదన్నారు. అబ్రహాం ఆమె మొహంలోకి చూడకుండా ఒకటే మాట అన్నాడు.

"మన పాపే విజయా. స్వెట్టరు చూశాను."

ఆమె పిల్ల మొహం చూడలేదు. తడి మట్టిని తడిమి వచ్చేసింది.

ఆ తర్వాత ఆమె అల్లికసూదులు ముట్టుకోలేదు. ఈ ఏడు ఏమనిపించిందో, డేనియల్ కూతురు రూతుకి ఆరేళ్ళు నిండగానే పసుపు ఊలు కొనుక్కొచ్చింది. అదే రంగు, అదే బాతు. రూతు అది వేసుకుని ఇల్లంతా గంతులేస్తే కోడలు ప్రీతి మురిసిపోయింది. అబ్రహాం ఒక్కసారి చూసి పక్కగదిలోకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ప్రార్థన ముగిసింది. ఎప్పట్లాగే చివర్లో విజయకుమారి కళ్ళు మూసుకుని పిలిచింది.

"గ్లోరీ... నా తల్లీ... ఎక్కడున్నావే?"

పెరటి వైపు నుంచి చిన్నగొంతు పలికింది.

"ఆఁ... వస్తున్న."

ఉమారాణి నవ్వింది. "చూశావా వదినా, మీ రూతు ఎంత గడుసుదో!"

విజయకుమారి కళ్ళు తెరిచింది. రూతు ప్రీతి ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోతోంది.

ఆమె మూసి ఉన్న పెరటి తలుపు వైపు చూసింది. పక్కింటివాళ్ళు అరిసెలు పట్టుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు గేటు దాటారో లేదో, వీధంతా కరెంటు పోయింది. బల్ల మీది కొవ్వొత్తి ఒక్కటే మిగిలింది. డేనియల్ ఇన్వర్టర్ చూడ్డానికి మెట్లకిందికి వెళ్ళాడు. రూతుని చాప మీద పడుకోబెట్టి ప్రీతి వంటింట్లోకి నడిచింది.

చలికాలం సాయంత్రాల్లో భన్‌పురి వైపు నుంచి వచ్చే ఫ్యాక్టరీల పొగ కాలనీ మీద దుప్పటిలా దిగుతుంది. ఆ వాసన విజయకుమారికి అలవాటే. ఇది అది కాదు. ఉప్పు వాసన. తడి ఇసుక, కుళ్ళిన నాచు, ఎండిన వలల వాసన. ముందు కొంచెంగా వచ్చింది. తర్వాత గదంతా నిండింది. నాలుక మీదికి కూడా ఉప్పదనం వచ్చి కూర్చుంది.

"ఏవండీ... ఏదో వాసన వస్తోందా?" అంది మెల్లగా.

అబ్రహాం చేత్తో ముక్కు మూసుకున్నాడు. ఆ వాసన అతనికి ఇరవై ఏళ్ళుగా తెలుసు.

విజయకుమారి చాప వైపు చూసింది. చాప ఖాళీగా ఉంది.

"రూతూ!"

పెరటి తలుపు బార్లా తీసి ఉంది. ఫోను లైటు పట్టుకుని ఆమె పరుగెత్తింది. పెరట్లో నీళ్ళతొట్టి పక్కన రూతు గోడవైపు తిరిగి నిలబడి ఉంది. తొట్టిలో చుక్క నీళ్ళు లేవు. నేలంతా పొడిగా ఉంది. కానీ పిల్ల జుట్టులోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. పసుపు స్వెట్టరు తడిసి, బరువెక్కి, మోకాళ్ళదాకా జారింది.

"బేటా... ఇక్కడేం చేస్తున్నావు? లోపలికి రా."

రూతుకి తెలుగు అంతంతమాత్రం. ఇంట్లో హిందీ, స్కూల్లో హిందీ. నానమ్మని 'దాదీ' అనే పిలుస్తుంది. ఆ పిల్ల ఇటు తిరిగి, ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడని తెలుగులో అడిగింది.

"మా అమ్మ యాడున్నది?"

ఆ యాస కృష్ణా జిల్లాది కాదు. ఖమ్మం నుంచి వచ్చిన ఒక నర్సు వాళ్ళ నాన్నతో ఫోన్లో అలా మాట్లాడేది.

"నువ్వు... నువ్వెవరమ్మా?"

"పున్నానికి తానం జేస్తమని వచ్చినం. అమ్మ నా చెయ్యి ఇడ్శిపెట్టలే. నీళ్ళే గుంజుకున్నయి." పిల్ల పళ్ళు టకటకలాడాయి. "నాకు సలి పెడుతుంటే గా అక్క దీన్ని ఇచ్చింది. వేసుకో, మా అమ్మ అల్లింది అన్నది."

తడిసిన చిన్ని వేలు స్వెట్టరు మీది బాతుని తాకింది.

వెనక అబ్రహాం గుమ్మం పట్టుకుని కూలబడ్డాడు. "ఆ స్వెట్టరే విజయా... ఆ స్వెట్టరే కదా... నువ్వల్లిందే కదా..." అని అదే మాట గొణుగుతున్నాడు.

విజయకుమారికి అర్థమైంది. ఒక్కసారిగా కాదు. ఎముకల్లోకి చలి దిగినట్టు దిగింది. తన పిల్ల పేరు చెక్కిన రాయి కింద ఎవరి బిడ్డో పడుకుని ఉంది. ఇరవై ఏళ్ళుగా.

"ఏటేటా పిలుస్తరు" అంది ఆ గొంతు. "గా పేరుతోని. నేనొస్త. ఎవ్వలూ తలుపు తియ్యరు. మల్ల పోత. మస్తు దూరం... మస్తు సీకటి..."

మాట పూర్తికాకుండానే రూతు కళ్ళు తేలేసింది. నేల మీద పడింది. నోట్లోంచి, ముక్కులోంచి నీళ్ళు.

ప్రీతి కెవ్వున అరిచింది. డేనియల్ పరుగున వచ్చాడు.

"కారు తియ్యరా! బండి తియ్యి!" అని విజయకుమారి వాడికి కేకేసింది.

ఆమె చేతులు వాటంతటవే కదిలాయి. పిల్లని పక్కకి తిప్పింది. నోట్లో వేలుపెట్టి తీసింది. ఇసుక. నల్లటి, సన్నటి ఇసుక. ఊపిరి లేదు. మెడ దగ్గర నాడి... ఉంది. సన్నగా, దారంలా. ముక్కు మూసి నోట్లోకి ఊదింది. ఉప్పు. ఛాతీ మీద నొక్కింది. నీళ్ళు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ నీళ్ళు. ఇంత చిన్న ఒంట్లో అన్ని నీళ్ళెక్కడివి?

"అత్తయ్యా... కుఛ్ కరో అత్తయ్యా..." ఏదో ఒకటి చెయ్యమని ప్రీతి వేడుకుంది.

నాడి జారిపోతోంది. అప్పుడామె నొక్కడం ఆపకుండానే, పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి బతిమాలింది.

"తల్లీ, నీకు దణ్ణం పెడతాను. ఇది పసిది. దీన్ని వదిలెయ్. నన్ను తీసుకుపో."

కదలని పెదాల మధ్య నుంచి గొంతు వచ్చింది.

"నువ్వొద్దు. నువ్వు మా అమ్మవు గావు."

"మీ అమ్మని వెతుకుతాను. ఊరూరూ తిరుగుతాను. నీ పేరు చెప్పు. ఆ రాయి మీద నీ పేరే పెడతాను. చెప్పు తల్లీ, నీ పేరేంటి?"

ఆమె మళ్ళీ నొక్కింది. తర్వాత చిన్నపిల్ల ఏడుపు.

"తెల్వదు... మీరు ఇంకో పేరు పెట్టిన్రు గదా... నాది మర్శిపోయిన..."

విజయకుమారి చేతులు పనిచేస్తూనే ఉన్నాయి. మనవరాలి ప్రాణం చేతుల్లో పెట్టుకుని ఆ మాట అడగకూడదని ఆమెకి తెలుసు. అడక్కుండా ఉండలేకపోయింది.

"మరి నా పిల్ల? నా గ్లోరీ... ఏదీ?"

"గా అక్క నీళ్ళల్లనే ఉన్నది" అంది గొంతు. ఇప్పుడది దూరంగా వినిపించింది. "ఇంటి దారి అడుగుతాంది. ఇగ జెప్త."

విజయకుమారి రూతు ఒంటి మీది స్వెట్టరుని రెండు చేతులా పట్టి లాగేసింది. చేపల వలంత బరువుంది. దాన్ని తొట్టి పక్కన పరిచి, "ఇది నీకే. గ్లోరీ ఇచ్చింది, నీదే. వెళ్ళు తల్లీ... ఇంక ఆ పేరుతో పిలవం... వెళ్ళమ్మా" అంది.

రూతు ఒళ్ళు ఒక్కసారి ఎగిరిపడింది. దగ్గింది. ఏడ్చింది.

"దాదీ... ఠండ్ లగ్ రహీ హై..." చలేస్తోందంది, తన హిందీలో.

ఆసుపత్రికి ఎలా చేరారో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. విజయకుమారి పనిచేసి రిటైరైన ఆసుపత్రే, అందరూ తెలిసినవాళ్ళే. ఆక్సిజన్ పెట్టారు. ఎక్స్‌రే తీశారు. ఏ చెరువులో పడిందని డాక్టరు అడిగితే డేనియల్ తల తిప్పుకున్నాడు. ఆయన కాసేపు చూసి, "గండం గడిచింది" అన్నాడు. రూతు కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. హిందీలోనే. ప్రీతి దాన్ని గుండెకి హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. డేనియల్ మందులకి కిందికి వెళ్ళాడు. అబ్రహాం కుర్చీలో కూర్చుని నేల చూస్తున్నాడు. అతన్ని ఏమీ అడగాలనిపించలేదు విజయకుమారికి.

మొహం కడుక్కుందామని వరండాలోకి వచ్చింది. నేల తుడుస్తున్న ఆయమ్మ ఆమెని గుర్తుపట్టి తుడుపుకర్ర గోడకి ఆనించింది.

"పాప బాగుందా దీదీ?" అని హిందీలో పలకరించింది. "చిన్నదానికి నయమైంది సరే, పెద్దదాన్ని అలా వదిలేశారేంటి? పాపం, ఒళ్ళంతా తడిసి ఇక్కడే బెంచీ మీద కూర్చుంది."

"పెద్దదెవరు?"

"మీతో వచ్చిన ఇంకో పిల్ల. మీ భాషలోనే ఏదో అడిగింది. నాకేం తెలుస్తుంది? మీకోసమే అనుకుని గది చూపించాను. ఇప్పుడే లోపలికి వెళ్ళింది."

విజయకుమారి ఇప్పుడే ఆ గదిలోంచి వచ్చింది. తలుపు దాటి ఎవరూ తనకి ఎదురు రాలేదు.

వెనక్కి నడిచింది. తలుపు మూసి ఉంది. పిడి మీద చెయ్యి వేసింది. లోపల ప్రీతి ఏడుపు ఆగిపోయింది. తర్వాత రూతు నవ్వింది. ఎవరో చక్కిలిగిలి పెట్టినట్టు, కిలకిలా నవ్వింది.

ఆ నవ్వు ఆగాక, ఇంకో నవ్వు.

విజయకుమారి కళ్ళు గట్టిగా మూసుకుంది. గ్లోరీ ఎలా నవ్వేదో గుర్తుచేసుకోబోయింది. ఫోటో గుర్తొచ్చింది. జడలు గుర్తొచ్చాయి. ఊడిన పన్ను గుర్తొచ్చింది. నవ్వు మాత్రం... ఎంత వెతికినా... ఆ చప్పుడు మాత్రం గుర్తురాలేదు. లోపలున్నది తన పిల్లో, ఆ పేరులేని పిల్లో.

లోపల ఆ నవ్వు తలుపు దగ్గరికి వస్తోంది.