మొదటి నాలుగు, చివరి నాలుగు

"ఈ ఫొటోలో ఉన్నాయన నీకేమవుతాడు?" అని అడిగాడు పెద్దాయన.

గుమాస్తా ఫొటో వంక చూశాడు.

"బావ. మా అక్క మొగుడు."

"అందుకే నిన్ను పంపొద్దని అందరూ అన్నారు. నేనేమో అందుకే పంపుతానన్నాను. కూర్చో."

నిఘా విభాగంలో అతన్ని గుమాస్తా అనే పిలుస్తారు. అసలు పేరు ఎవరికీ గుర్తుండదు, ముఖం అంతకన్నా గుర్తుండదు. ఏ ఆఫీసు వరండాలో నిలబడ్డా ఎవరో ఒకరు దగ్గరికొచ్చి "నా ఫైలు ఎంతవరకొచ్చిందండీ?" అని అడుగుతారు. గూఢచారికి ఇంతకన్నా మంచి మారువేషం ఏం కావాలి? పైసా ఖర్చు లేదు.

పెద్దాయన గోడ మీది స్క్రీన్ వెలిగించాడు. ఓడరేవు వెనక పాత కోల్డ్ స్టోరేజీ. కిటికీల్లేవు. మందపాటి ఇనుప తలుపులు.

"విదేశీ ముఠా. లోపల రెండు దుకాణాలు. ఒకటి ఆన్‌లైన్ జూదం యాప్, రెండోది దొంగ క్రిప్టో ఎక్స్చేంజి. పనిచేసేవాళ్లంతా ఉద్యోగమనుకుని వెళ్లి ఇరుక్కున్నవాళ్లే. మీ బావా అంతే. శనివారం ఛాంపియన్‌షిప్ ఫైనల్. జనం పందేలన్నీ పడ్డాక, ఆ సొమ్మంతా ఒక్క బటన్‌తో ముఠా ఖజానా వాలెట్లోకి పోతుంది. యాప్ మూత. లోపలివాళ్లని లారీల్లో సరిహద్దు దాటిస్తారు. అలా దాటినవాళ్లలో ఇంతవరకూ ఒక్కడూ ఇంటికి ఫోను చెయ్యలేదు."

"ఇవాళే తలుపులు బద్దలుకొట్టొచ్చుగా సార్?"

"కొడితే ముఠా ఛైర్మన్ బటన్ నొక్కేస్తాడు. బ్యాంకైతే ఫోను చేసి ఆపిస్తాం. క్రిప్టోలో ఫోను ఎత్తడానికి మేనేజరెవడున్నాడు? పోయిందంటే పోయినట్టే. పైనుంచి వచ్చిన ఆర్డరు ఒకటే. సొమ్ము ముందు కోర్టు అధీనంలో ఉండే వాలెట్లో పడాలి. పడిన మరుక్షణం మనవాళ్లు లోపలుంటారు."

"పడకపోతే?"

"నువ్వూ మీ బావా ఒకే లారీ ఎక్కుతారు."

విభాగం మెకానిక్ ఒక కళ్లజోడు ఇచ్చాడు. కుడి పుల్ల నొక్కితే ఎదురుగా ఉన్నదాని ఫొటో తీసి, ముఠావాళ్ల వైఫై మీదే బయటికి పంపుతుందట.

"లోపల మన మనిషి ఒకరున్నారు," అన్నాడు పెద్దాయన. "ఆవిడ తమ మనిషేనని ముఠా అనుకుంటోంది. అసలు ఎవరి మనిషో నాకూ గ్యారంటీ లేదు."

బయల్దేరేముందు గుమాస్తా అక్కింటికి వెళ్లాడు. ఏమీ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. అక్క కూడా ఏమీ అడగలేదు. గుమ్మం దాకా వచ్చి మాత్రం, "మీ బావ జూదంలో ఓడిపోయాడని కాదురా నా కోపం. ఓడిపోయానని నాకొక్క ముక్క చెప్పలేదని," అంది.

* * *

కోల్డ్ స్టోరేజీ తలుపుకి లోపలినుంచి తెరిచే పిడి ఉంటుంది, పొరపాటున ఎవరైనా చలిలో ఇరుక్కుంటారని. ఆ పిడి పీకేశారు. పీకిన చోట చిన్న రేకు కొట్టారు. కొత్త ఉద్యోగిగా గుమాస్తా లోపలికి అడుగుపెట్టగానే చూసింది ఆ రేకునే. వెనక తలుపు పడింది. బయటి చప్పుడంతా ఒక్కసారిగా ఆగిపోయింది. కాపలావాడు అతని ఫోను, పాస్‌పోర్టు, బెల్టు తీసుకున్నాడు. కళ్లజోడు లేకపోతే స్క్రీన్ కనబడదని బతిమాలితే దాన్ని వదిలేశాడు.

కొత్తవాళ్లని ట్రైనింగ్ గదిలో కూర్చోబెట్టారు. పాఠం చెప్పడానికి వచ్చింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ బావే. కాలేజీలో పాతికేళ్లు లెక్కలు చెప్పినవాడు, బొమ్మా బొరుసుల సంభావ్యత బోర్డు మీద గీసి పిల్లల చెవులు మెలేసినవాడు. సగానికి సగం చిక్కిపోయాడు. బావమరిదిని చూసి చేతిలో మార్కర్ జారవిడిచాడు. వంగి తీసుకుని, ఏమీ ఎరగనట్టు మొదలుపెట్టాడు.

"కస్టమర్ని మొదట గెలవనివ్వాలి. ఒకసారి డబ్బు బయటికి తీసుకోనివ్వాలి. ఆ ఒక్కసారి చాలు, ఆ తర్వాత పెట్టెలో ఉన్నదంతా తెస్తాడు. పెద్ద మొత్తం అడిగిన రోజు, ముందు ట్యాక్స్ కట్టమనండి. కట్టాక ఇంకో ఫీజు చెప్పండి. వాలెట్ రహస్య పదాలు చెప్పమని ప్రేమగా అడగండి, 'వెరిఫికేషన్' అనండి. స్క్రీన్ మీద టైమర్ పెట్టండి. ఆఫర్ అయిపోతోందంటే మనిషి ఆలోచించడు."

వెనకనుంచి ఎవరో అడిగారు. "వాలెట్ అడ్రసు చాంతాడంత ఉంటుంది కదా, జనం సరిచూసుకోరా?"

"మొదటి నాలుగు అక్షరాలు, చివరి నాలుగు అక్షరాలు చూసుకోమనండి. నిజానికి అంతా చదవాలి. కానీ అంతా చదివేవాడు మన కస్టమరే కాదు."

భోజనాల వేళ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర చేరారు. పళ్లెంలోంచి తలెత్తకుండా బావ గొణిగాడు.

"ఎందుకొచ్చావురా ఈ ఊబిలోకి?"

"నిన్ను తీసుకెళ్లడానికి. శనివారం దాకా ఓపిక పట్టు. ఎవరితోనూ నోరు విప్పకు."

"నీ దగ్గర బ్యాలెన్స్ ఏమైనా ఉందా?"

గుమాస్తాకి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆడటానికి డబ్బు అడుగుతున్నాడని అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది. ఈ యాప్‌లో జూదం చక్రం ఎప్పుడు ఎక్కడ ఆగాలో పక్క గదిలో సెట్ చేస్తారు. ఆ సంగతి బావకి తెలుసు, తెలిసి కూడా ఇచ్చిన జీతం ఇచ్చినట్టు మళ్లీ ఆ చక్రానికే పోస్తున్నాడు.

"మోసమని తెలిసి కూడా ఆడుతున్నావా బావా?"

"మోసమని తెలిసింది కాబట్టే ఆడుతున్నాను. బయటివాడికి తెలీదు, నాకు తెలుసు. ఫైనల్ ముందు జనాన్ని లాగడానికి చక్రం మీద కాసేపు గెలవనిస్తారు. ఆ కాసేపట్లో దూరానా, పోయిందంతా వచ్చేస్తుంది."

గుమాస్తాకి ఏడవాలో తన్నాలో తెలియలేదు. ఇనుప తలుపులు బద్దలుకొట్టవచ్చు గానీ, ఈ మనిషి లోపల పడ్డ గొళ్లెం ఎవరు తీస్తారు?

* * *

ఆమె మనిషికన్నా ముందు సెంటు వాసన వస్తుంది. అందుకే లోపల అందరూ ఆమెని అత్తరు అంటారు. పెద్ద కస్టమర్లతో వీడియోలో మాట్లాడేది ఆమే. ఎర్రటి గౌను, మత్తు గొంతు. ఆ నవ్వు చూసి ఎంతమంది ఇళ్లు తాకట్టు పెట్టారో లెక్కలేదు. ఆమె గుమాస్తా కుర్చీ దగ్గర ఆగింది.

"మీ కళ్లజోడు పవరెంత?"

అది కోడ్. జవాబు కూడా ముందే చెప్పి పంపారు.

"దగ్గరివి కనబడవు మేడమ్. దూరానివి అసలే కనబడవు."

"పదండి. పెద్ద చేపని పట్టారట కదా. ఛైర్మన్ గారు చూస్తారట."

పెద్ద చేప ఎక్కడిది? అటువైపు కస్టమర్‌గా నటిస్తున్నది విభాగం మెకానిక్కే. ఛైర్మన్ గుమాస్తా భుజం తట్టి, అతని ఎదుటే ఆ రోజు వసూళ్లు ఖజానాకి పంపాడు. గుమాస్తా ఊపిరి బిగబట్టి చూశాడు. ఛైర్మన్ పాత లావాదేవీల్లో అన్నిటికన్నా పైనున్న అడ్రసు కాపీ చేశాడు. అతికించాడు. మొదటి నాలుగు అక్షరాల మీద వేలు పెట్టాడు, చివరి నాలుగింటి మీద పెట్టాడు. నొక్కాడు. జనానికి నేర్పి నేర్పి తనకీ అదే అలవాటైపోయింది పాపం.

గుమాస్తా చెమట తుడుచుకున్నట్టు కుడి పుల్ల నొక్కాడు.

ఆ అడ్రసు ఫొటో చేరాక బయట మెకానిక్ చెయ్యాల్సింది ఒకటే పని. అవే మొదటి నాలుగు, అవే చివరి నాలుగు, మధ్యలో మాత్రం వేరే అక్షరాలున్న అడ్రసు తయారుచెయ్యాలి. కోర్టు వాలెట్ అదే. శనివారం దానినుంచి ఛైర్మన్ వాలెట్‌కి చిల్లర పంపితే, పాత లావాదేవీల్లో అన్నిటికన్నా పైన అది కనబడుతుంది. ఛైర్మన్ అలవాటు కొద్దీ దాన్నే కాపీ చెయ్యాలి. చేస్తాడా? ఆ ఒక్కదాని మీదే లోపలివాళ్లందరి బతుకూ ఆధారపడింది.

* * *

శనివారం మధ్యాహ్నం ఫైనల్ సగంలో ఉండగా కాపలావాళ్లు వచ్చి గుమాస్తాని కుర్చీలోంచి లేపారు. కళ్లజోడు లాక్కుని, పుల్లలో దాగిన కెమెరా చూసి బూటు కింద నలిపారు. ఛైర్మన్ గదిలో కుర్చీకి కట్టేశారు.

మూల బావ నిలబడి ఉన్నాడు. చేతిలో కంపెనీ ట్యాబ్. దాని మీద చక్రం తిరుగుతోంది.

"నువ్వేనా చెప్పింది?"

బావ తలెత్తలేదు. "బ్యాలెన్స్ ఇస్తామన్నారు. గెలిచాక ఇద్దరినీ విడిపించుకుందామనుకున్నాను. నీ మీదొట్టు."

"గెలిచావా?"

చక్రం ఆగింది. బావ మోకాళ్ల మీద కూలబడి, ముఖం చేతుల్లో దాచుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. గుమాస్తా కళ్లు మూసుకున్నాడు. ఈ మనిషిని ఇంటికి చేరుస్తానని ఏ ధైర్యంతో వచ్చాడు?

ఛైర్మన్ మంచి హుషారులో ఉన్నాడు. "మా ముఖాలు ఫొటోలు తీసుకున్నావు కదూ? ఇంట్లో ఫ్రేము కట్టించుకో. బయట లారీలు రెడీ. నువ్వు కూడా రావచ్చు, సీటుంది." ల్యాప్‌టాప్ ముందుకు లాక్కున్నాడు.

పాత లావాదేవీలు తెరిచాడు. అన్నిటికన్నా పైనున్నది కాపీ చేశాడు. అతికించాడు. వేలు మొదటి నాలుగు అక్షరాల మీద ఆగింది. తర్వాత చివరి నాలుగు. తలూపాడు.

అంతలో ఆగాడు. "మొత్తం పెద్దది. ముందు కొంచెం పంపి చూద్దాం. చేరాక మిగతాది."

గుమాస్తాకి పైప్రాణాలు పైనే పోయాయి. వీడికి ఈ బుద్ధి ఇప్పుడే పుట్టాలా? కొంచెం పంపి ఖజానా తెరిచి చూస్తే, అది చేరలేదని తెలిసిపోతుంది. అంతటితో అంతా అయిపోతుంది. తలుపులు విరగవు, లారీలు కదులుతాయి.

కిటికీ లేని ఆ గదిలో సీసీటీవీ తెర ముందు నిలబడి ఉంది అత్తరు. వెనక్కి తిరక్కుండానే తాపీగా అంది.

"ఓడరేవు రోడ్డు మీద వ్యాన్లు వస్తున్నాయి సార్. టైమ్ లేదు."

ఆమె ఎవరి మనిషో ఆ ముక్కతో గుమాస్తాకి తెలిసిపోయింది. మిగతా పని తనది. గొంతులో ఉన్న భయమంతా బయటికి వదిలాడు. దాని కోసం నటించాల్సిన అవసరం కూడా లేకపోయింది.

"ఛైర్మన్ గారూ, తొందరపడకండి. మీరన్నట్టే ముందు కొంచెం పంపి చూసుకోండి. అడ్రసు మొదటినుంచి చివరిదాకా ఓసారి చదువుకోండి. కాళ్లు పట్టుకుంటాను."

మూలనున్న బావ ఏడుపు ఆపి తలెత్తాడు. తెర మీది అడ్రసు వైపు చూశాడు. ఆ ఖజానా అడ్రసు రోజూ చూసే లెక్కల మనిషి. మధ్యలో అక్షరాలు వేరని ఆయనకి ఒక్క చూపులో తెలిసింది. ఆ ముఖంలో మార్పు గుమాస్తా చూశాడు. ఒక్క మాట చాలు. చెప్తే బ్యాలెన్స్ ఎంత కావాలంటే అంత ఇస్తారు, ఆ సంగతి బావకీ తెలుసు. బావ నోరు తెరిచాడు.

"వీడు టైమ్ లాగుతున్నాడు సార్," అన్నాడు. "ఆఫర్ అయిపోతోంది. నొక్కేయండి."

ఛైర్మన్ పకపకా నవ్వి నొక్కేశాడు.

తెర మీద పచ్చటి టిక్కు పడింది. ఛైర్మన్ తృప్తిగా ఖజానా వాలెట్ తెరిచాడు. అందులో ఏమీ పెరగలేదు. మళ్లీ తెరిచాడు. అడ్రసు తీసి ఈసారి అక్షరం అక్షరం చదవడం మొదలుపెట్టాడు. మధ్యదాకా వచ్చేసరికి కింద ఇనుప తలుపు విరిగిన చప్పుడైంది.

"మీ కస్టమర్ కేర్‌కి ఫోను చెయ్యండి సార్," అంటూ అత్తరు గుమాస్తా కట్లు విప్పింది. "ముందు ట్యాక్స్ కట్టమంటారేమో."

* * *

వ్యాన్‌లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. బయట ఎండ. బావ చాలాసేపు ఆ ఎండకేసే చూశాడు.

"నన్ను క్షమించమని అడగను," అన్నాడు చివరికి.

"అడక్కు బావా. నాకింకా కోపం పోలేదు. అక్కకి ఫోను చెయ్యి."

గుమాస్తా తన ఫోను ఇచ్చాడు. బావ బొటనవేలు అలవాటు కొద్దీ తన పాత ఫోనులో యాప్ ఉండే మూలకి వెళ్లి నొక్కింది. ఈ ఫోనులో అక్కడున్నది టార్చిలైటు. అది వెలిగి ఆయన కళ్లలోనే కొట్టింది. సిగ్గుపడి ఆర్పేసి, నంబరు నొక్కాడు.

అవతల ఎత్తారు.

"ఓడిపోయాను," అన్నాడు. "అంతా ఓడిపోయాను. నీకు చెప్పకుండా దాచాను."

తర్వాత వినడం తప్ప ఏమీ చెయ్యలేదు. కళ్లు తుడుచుకుంటూ వింటూనే ఉన్నాడు. ఫోను పెట్టేశాక గుమాస్తా అడిగాడు.

"ఏమంది?"

"ఇంటికి రమ్మంది. ఫోను మాత్రం గుమ్మం బయట పెట్టి రమ్మంది."

గుమాస్తా తన ఫోను కోసం చెయ్యి చాపాడు. తిరిగి ఇవ్వడానికి బావ కాస్త ఆలస్యం చేశాడు.