సవతి బిళ్ళ

మా ఆయన హరిబాబుకి నేను రెండో పెళ్ళాన్ని. మొదటావిడ వెంకటదుర్గ పిల్లల్లేకుండానే పోయింది. ఊరి కాలవలో కాలు జారిందన్నారు. మా వైపు రెండో పెళ్ళాం మెడలో పోయినావిడ పేరు మీద చిన్న బంగారు బిళ్ళ ఉండాలి. సవతి బిళ్ళ అంటారు. రోజూ దానికి పసుపు రాయాలి, కొత్త చీర కట్టేముందు దానికి చూపించాలి. తీసేస్తే ఆవిడ ఊరుకోదట. బతికుండగా ఆవిడ మాట విన్నవాళ్ళు లేరు గానీ, పోయాక అందరికీ భయమే.

పెళ్ళయి నాలుగేళ్ళయినా నాకు కడుపు పండలేదు. నాకు బిడ్డ కావాలి. ఆవిడ గతి నాకు పట్టకూడదు. అందుకే ఈ 2003 ఎండాకాలంలో రామచంద్రపురం నుంచి బస్సెక్కి, రాజమండ్రిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ముందు నా గర్భసంచి గొట్టాలకి ఎక్స్‌రే, ఆయనకి వీర్య పరీక్ష. రెండూ బాగుంటే కొన్నాళ్ళు మాత్రలు. దాంతో నిలవకపోతే ఆయన వీర్యాన్ని శుభ్రం చేసి సన్న గొట్టంతో గర్భసంచిలోకి ఎక్కిస్తారు, దాన్ని ఐయూఐ అంటారట. ఆఖరికి టెస్ట్‌ట్యూబ్. పరీక్షలు చూడందే ఏదీ చెప్పలేనంది.

మాతో వచ్చిన మా అత్తగారు అచ్చాయమ్మ ఆ వైద్యాల్ని సంతలో వంకాయలు ఏరినట్టు ఏరింది. అబ్బాయికి పరీక్షలేంటండీ, అమ్మాయికే ఏదో ఒకటి చేసెయ్యండి అంది. ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అంటారు. మా ఇంట్లో కొడుకైతే అసలు కుండే ముట్టుకోడు.

ఎక్స్‌రే గదిలోకి వెళ్ళేముందు మెడలో ఏమీ ఉండకూడదంది నర్సు. స్నానానికి కూడా ఆ బిళ్ళ తియ్యనివ్వని అత్తగారు, ఆ పూట తనే విప్పి కొంగున ముడేసుకుంది. కొడుకు పరీక్ష తప్పించుకుంటాడంటే ఆవిడకి సవతి భయం కూడా ఎగిరిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

గదంతా మసక చీకటి. ఏసీ చలి, స్పిరిట్ వాసన. బల్ల మీద పడుకోబెట్టి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి... అప్పుడే కరెంటు పోయింది. కదలొద్దని చెప్పి, జనరేటరు సంగతి చూడ్డానికి వాళ్ళు బయటికెళ్ళారు. చెప్పుల చప్పుడు దూరమైంది. తలుపు మూసుకుంది.

స్పిరిట్ వాసన పోయింది. కాలవకి నీళ్ళు కట్టేసిన రోజుల్లో అడుగున లేచే బురద వాసన వచ్చింది. ఎక్కడో నీటిచుక్క పడుతోంది. టప్... టప్... దగ్గరికొస్తోంది.

తడి చెయ్యి ఒకటి నా పొట్ట మీద ఆనింది.

నర్సనుకుని, నొప్పిగా ఉందండీ అన్నాను.

"నాకూ ఇలాగే ఉండేది..." చెవి పక్కనే గుసగుస. "నా గొట్టాలు బాగానే ఉన్నాయమ్మా. అయినా నన్నే బల్ల ఎక్కించారు."

చీకట్లో తల తిప్పి చూశాను.

"ఆయన్ని చూపించుకోమను..."

లైట్లు వెలిగాయి. గదిలో ఎవరూ లేరు. నా పొట్ట మీద గుడ్డ తడిసి ఉంది.

నా ఫిల్ము చూసి గొట్టాలు తెరుచుకునే ఉన్నాయంది డాక్టరమ్మ. ఆయనకి పరీక్ష చెయ్యందే నేను ఒక్క మాత్ర కూడా మింగనన్నాను. అత్తగారు నోరు తెరిచేలోపే ఆయన లేచాడు. నా ఒంటి మీంచి వస్తున్న బురద వాసన ఆయనకీ తగిలిందనుకుంటాను.

ఒక్క వీర్యకణం కూడా లేదని రిపోర్టు వచ్చింది. ఇదివరకెప్పుడైనా చూపించుకున్నారా అని డాక్టరమ్మ అడిగితే తలొంచుకుని ఔనన్నాడు. వెంకటదుర్గ ఉండగానే తెలుసట. తల్లీకొడుకులిద్దరికీ తెలుసు. ఆవిడ కాలు ఎందుకు జారిందో నాకు అప్పుడర్థమైంది. ఇక మాత్రలు దండగ, టెస్ట్‌ట్యూబ్ కూడా నమ్మకం లేదు, దాత వీర్యంతో అయితే అవుతుంది, ఆలోచించుకుని రమ్మంది డాక్టరమ్మ. ఆ సాయంత్రం అత్తగారు బిళ్ళని నా మెడలో మళ్ళీ కట్టి, పసుపు రాసి దణ్ణం పెట్టుకుంది. నేను ఆయన్ని నా గదిలోకి రానివ్వలేదు. ఏ వైద్యమూ మొదలుపెట్టలేదు.

ఆ నెలే నెల తప్పాను.

స్కానింగులో గుండె కొట్టుకోవడం కనిపించింది. డాక్టరమ్మ నా మొహంకేసి ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా తర్వాతి పేషెంటుని పిలిచింది. అత్తగారు వీధంతా పూతరేకులు పంచింది. వంశం నిలిస్తే చాలు, ఎలా నిలిచిందో ఆవిడకి అక్కర్లేదు. ఆయన మాత్రం ఓ మిట్టమధ్యాహ్నం, నేను పెరట్లో బట్టలారేస్తుంటే దగ్గరికొచ్చాడు.

"ఎవరిది?" అని మెల్లగా అడిగాడు.

నేను నోరు విప్పలేదు. ఒట్టు... విప్పలేదు.

"నాది." చీకటి గదిలో విన్న అదే గుసగుస.

ఆయన నా మొహం చూడలేదు. నా పొట్టకేసే చూస్తూ "దుర్గా" అన్నాడు. అక్కడే కూలబడ్డాడు.

నాకిప్పుడు ఏడో నెల. లోపల బాగా కదులుతోంది. అది పుట్టాక ఎవర్ని అమ్మా అని పిలుస్తుందో... నాకు తెలియదు.