కింది పట్టీలో లేని పేర్లు

తహూరా కుర్చీలో కూర్చోకుండానే ఏడ్చేసింది. "కొలువు పోతే పోనీ మేడం. దొంగ అన్న పేరు మోసుకుంట సిద్దిపేటల ఎట్ల తిరగాలె?"

డిటెక్టివ్ సంహిత రాసుకోవడానికి కాగితం ముందుకు లాక్కుంది. ఆమె సహాయకుడు జయరాజ్ మాత్రం మంచినీళ్లిస్తూ, కేసు వినకముందే ఇక భయం లేదని హామీ ఇచ్చేశాడు. మేడం మీద అతనికి అంత గురి.

తహూరా దామోదర్ ప్రింటింగ్ దుకాణంలో పనిచేస్తుంది. నేత నేసే పద్మమ్మ పోటీ చీర కోసం గొల్లభామ బొమ్మలున్న కొత్త అంచును అక్కడే కంప్యూటర్లో గీయించుకుంది. పోటీకి ముందే ఆ అంచు వేరేవాళ్ల చీర మీద తేలింది! దుకాణం ఉమ్మడి మెయిల్ నుంచే అది బయటికి పోయింది. తోటి ఆపరేటర్ మహేందర్ ఫోన్లో ఒక ఫోటో చూపించి, అది తహూరా కంప్యూటర్ అన్నాడు. యజమాని దామోదర్, రోడ్డు అవతలి టీకొట్టు దగ్గర పదిమందిలో ఆమెను దొంగ అని, ఇక పనికి రావద్దన్నాడు.

సంహిత ఇద్దరినీ వెంటబెట్టుకుని నేరుగా దుకాణానికి వెళ్లింది. రెండు కంప్యూటర్లూ ఒకే రకం, తెర మీద బొమ్మ కూడా ఒకటే. తేడా అంతా తెర అడుగున ఉండే పట్టీలో, అదే టాస్క్‌బార్‌లో. తహూరా పట్టీలో తెరిచిన ప్రతి ఫైలుకీ పేరుతో విడివిడి గడి ఉంది. జయరాజ్ ఎందుకని అడిగితే, అంత కష్టంలోనూ తహూరాకు నవ్వొచ్చింది. ముందు అన్నీ ఒకే బొమ్మ కింద నక్కి ఉండేవట. లగ్గాల సీజన్లో ఒక పెళ్లిపత్రిక అనుకుని ఇంకోటి తెరిచేసరికి, ఒకరి పెళ్లికొడుకు వేరొకరి పెళ్లికూతురి పక్కన అచ్చయ్యాడు. రెండు పక్కలవాళ్లూ దుకాణం మీదికొచ్చారు. ఆ దెబ్బకు ఆమె సెట్టింగు మార్చేసింది.

మహేందర్ పట్టీలో అక్షరమన్నదే లేదు, చిన్న బొమ్మలే. పేర్లుంటే చికాకని అతనే చెప్పాడు. తరువాత ఫోటో చూపించాడు. తెర మీద పద్మమ్మ అంచు, పక్కనే పంపడానికి సిద్ధంగా మెయిల్, అడుగున నాలుగు బొమ్మలు. జయరాజ్ తహూరా వైపు చూశాడు. పాపం, పిల్ల దొరికిపోయిందే అనుకున్నాడు.

అసలు అనుమానం ఎట్లా వచ్చిందని సంహిత అడిగింది.

"తహూరా సీట్ల లేకుండె. ఎన్కకెల్లి పోతుంటే కింద పట్టీల పద్మమ్మ అంచు అని, మెయిల్ అని పేర్లు కనబడ్డయి. అవి సదివే ఆగిన. మౌసు గూడ ముట్టలే, ఉన్నదున్నట్టు ఫోటో తీసిన."

సంహిత నవ్వి, పద్మమ్మను కూడా పిలిపించమంది. అందరూ చేరాక ఫోన్ ఆమె చేతికిచ్చి, అడుగున ఏం పేర్లున్నాయో చదవమంది.

పద్మమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. "పేర్లేడున్నయి బిడ్డా? బొమ్మలే ఉన్నయి గద."

మహేందర్ మొహం మాడిపోయింది. తహూరా ఆ తరువాత సెట్టింగు మార్చి ఉంటుందని గొణిగాడు.

"మార్చొచ్చు, చిటికెల పని," అంది సంహిత. "మరి నువ్వు సదివిన పేర్లు ఏడికెల్లి వచ్చినయి? ఆమె పట్టీల పేర్లుంటే గీ ఫోటో ఆమె కంప్యూటర్ది కాదు. లేకుంటే నువ్వు చెప్పింది అబద్ధం. రోజూ చూసే ఆమె తెరను మనసుల పెట్టుకుని కథ అల్లినవ్. ఫోటో మాత్రం నీ తెరది తీసినవ్."

అంచు పంపింది తానేనని మహేందర్ ఒప్పుకున్నాడు. ఆ అంచు తీసుకున్నవాళ్లు తాము పెట్టబోయే ప్రింటింగ్ దుకాణం అతనికే అప్పజెప్తామన్నారట. జయరాజ్ ఛాతీ, తానే పట్టినట్టు, ఉబ్బిపోయింది. పోటీ పెద్దలతో తాను మాట్లాడతానని సంహిత పద్మమ్మకు మాటిచ్చింది.

దామోదర్ తహూరా వైపు తిరిగి, తప్పయిపోయింది, రేపటినుంచి రమ్మన్నాడు.

తహూరా కదల్లేదు. "నన్ను దొంగ అన్నది టీకొట్టు కాడ సార్. గీ మాట గూడ గాడనే చెప్పాలె."

 దామోదర్ చెప్పులేసుకుని రోడ్డు దాటాడు. టీ తాగేవాళ్లంతా తలలు తిప్పేలా, గొంతెత్తి ముందుగా తహూరా పేరు చెప్పాడు, ఆ వెంటనే ఆమె దొంగ కాదని.