మేడ మీది గదిలో గరగర

గల్ఫ్‌లోని డేరా పేటలో ఆ పాత బిల్డింగు టెర్రస్ మీది గదికి మంచి పేరు లేదు. ఒక వాచ్‌మన్ అందులోనే పోయాడట. ఈ మధ్య, బయట తాళం వేసున్నా రాత్రిళ్లు లోపల ఎవరో గోకుతున్నట్టు గరగర... విన్నవాళ్లు ఒకరా, ఇద్దరా!

ఆ గదిలోనే షాహుల్ తన ప్రింటర్ పెట్టుకున్నాడు. నెల్లూరోడు, దెయ్యాలంటే లెక్కలేదు.

ఏసుబాబుకి మాత్రం వాడి పేరెత్తితే కడుపుమంట. బిల్డింగులో అందరికీ ఫోటోలు ప్రింటు తీసిచ్చేది మొదట తనే. కానీ బ్లాక్ అండ్ వైట్ తీస్తే చాలు, ఆకుపచ్చగా తేలేది. మల్లేశ్ చనిపోయిన తల్లి ఫోటో తెస్తే, పాచిపట్టిన మొహం చేసిచ్చాడు.

అదే ఫోటో షాహుల్ ప్రింటు తీస్తే అచ్చమైన నలుపు తెలుపుల్లో వచ్చింది. వాడిదీ చవకరకం ఇంక్‌జెట్టే! గోరుచుట్టు మీద రోకటిపోటులా, మల్లేశ్ అందరి ముందూ వాడి చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

"మా అవ్వ మళ్ల అచ్చినట్టే ఉందిరా..."

ఏసుబాబు కళ్లలో నిప్పులు పోసుకుని షాహుల్‌ని చూశాడు. ఆనాటి నుంచి అన్నం సయించలేదు. వాడి గుట్టు తెలుసుకోకపోతే ఇక తనని అడిగేవాడే ఉండడు. వారం ఆగి, షాహుల్ నైట్ డ్యూటీకి వెళ్లాక, గుమ్మం మీద దాచిన తాళంచెవి తీసి పిల్లిలా లోపలికి దూరాడు.

చీకటి. ఇంకు వాసన. ఫోను లైటు వెయ్యబోతుండగా —

గర్ర్... గరగర...

ఎవరూ ముట్టుకోలేదు. ప్రింటర్ దానంతటదే కదులుతోంది! దాని చిన్న దీపం వెలుగులో కాగితం మెల్లగా బయటికి పాకుతోంది... జుట్టు... నుదురు... మింగేసేలా చూస్తున్న రెండు కళ్లు...

ఫోను లైటు వేశాడు. అది తన మొహమే! గోడ మీద వరసగా — అన్నీ తన మొహాలే!

"ప్రభువా..."

వెనక తలుపు కిర్రుమంది.

"అన్నా... నువ్వా?" షాహుల్! "ఐడీ కార్డు మర్చిపోయినా."

"నా... నా మొహం ఇక్కడెందుకుందిరా?"

"వాడకుంటే ఇంకు ఎండిపోద్దన్నా. అందుకే రాత్రికొక కాగితం దానంతటదే వచ్చేట్టు పెట్టినా. రంగుల డబ్బాల్లో గూడా నల్ల ఇంకే, పల్చన చేసి పోసినా. ఆకుపచ్చ ఇంకెక్కడిది? అడిగుంటే చెప్పేవాణ్ణి గదా!"

"మరి... నా మొహమే ఎందుకు?"

షాహుల్ సిగ్గుపడుతూ గొంతు తగ్గించాడు.

"మల్లేశన్న ఏడస్తా ఉంటే నువ్వు నన్ను చూసినావే, అప్పుడు ఫోన్లో ఫోటో తీసినా. ఇంకు సరిగా పడతందా లేదా చూసుకోవాల గదన్నా... ఇన్ని రకాల నలుపుండే మొహం నాకింకోటి దొరకలా."