దూప లేనోడు

వెనక టార్చ్ లైట్!

లసుమవ్వ పసుపు చేలోకి దూకింది. ఆకులు మొహానికి కొడుతున్నాయి. బొడ్లో దోపిన పంచాయతీ ఆఫీసు తాళంచెవిని అదిమి పట్టుకుని ఉరుకుతోంది.

"ఆగు! కాలుస్త!"

ఆగదు! రేపు పొద్దున ఆఫీసు తెరవాలి. గొడవల్లో మూతపడ్డ ఆఫీసు! కోరుట్ల నుంచి ఎమ్మార్వో వస్తాడు. దొర జగపతి రావు కబ్జాలో ఉన్న భూములకు కూలీల పేర పట్టాలిస్తాడు. కొత్త సర్పంచిగా ఆమె చేసే మొదటి పని అదే.

మాదిగవాడ... తన ఇల్లు... తలుపు గడియ వేసింది.

ధడేల్!

ఒక్క తన్నుకు తలుపు ఊడింది. ఆకుపచ్చ బట్టల్లో ఇద్దరు. పొడుగాటివాడి చేతిలో తుపాకి!

"అన్నలం! తాళంచెవి ఇయ్యి. రేపు ఆఫీసు తెరిస్తే నీ పీనుగ లేస్తది!"

అడవిలోని అన్నలు వద్దంటే ఈ చుట్టుపక్కల ఎవరు ఎదురు చెప్పారు గనక? మూలన మొగుడు దేవయ్య బిగుసుకుపోయాడు.

పొడుగాటివాడు రొప్పుతున్నాడు. నాలుక పిడచకట్టుకుపోయింది.

ఇంటికి ఎవరొచ్చినా ముందు నీళ్లు. అలవాటు! కుండలో లోటా ముంచింది.

"ముందుగాల నీళ్లు తాగు, కొడుకా."

వాడి చెయ్యి ముందుకొచ్చింది. లోటా చూశాడు... కుండ చూశాడు... చెయ్యి వెనక్కి పోయింది.

"ఒద్దు. దూప లేదు."

చేనంతా ఉరికొచ్చినోడికి దూప లేదట!

లసుమవ్వ భయం ఎగిరిపోయింది. ఒళ్లు మండింది.

"అన్నలు గీ ఇంట్ల ఎన్నిసార్లు గట్క తిన్నరో నాకెరుక. ఎవ్వడు కులమడగలే! మాదిగోళ్ల నీళ్లు ముట్టనోనివి, నువ్వేం అన్నవురా? దొర మనిషివి!"

తుపాకి లేచింది.

"ఏమయ్యా, సూస్తవేంది? డప్పు కొట్టు!" లసుమవ్వ మొగుడికి అరిచింది.

దేవయ్య గోడ మీది డప్పు అందుకున్నాడు. ఒక్క దెబ్బ... రెండో దెబ్బ...

ఠాప్!

డప్పు తోలు చిరిగింది. దేవయ్య కింద పడ్డాడు. భుజం నుంచి రక్తం!

"ఇగ కొట్టు!" పొడుగాటివాడు పళ్లికిలించాడు.

పక్కింట్లో డప్పు మోగింది!

దాని వెనకింట్లో ఇంకోటి. తర్వాత వాడంతా! తలుపులు తెరుచుకుంటున్నాయి. కర్రలు, కొడవళ్లు, కాగడాలు... రెండోవాడు ఎప్పుడు జారుకున్నాడో జారుకున్నాడు. పొడుగాటివాడు ఒక్కడే మిగిలాడు. గుమ్మం నిండా జనం!

తుపాకి చేతిలోంచి జారింది.

లసుమవ్వ ఒక చేత్తో మొగుడి గాయం అదిమి పట్టుకుంది. రెండో చేత్తో లోటా చాచింది.

"ఇప్పుడన్న దూపైతుందా, కొడుకా?"