పోచన్న ఎత్తిన చెయ్యి

మస్కట్‌లోని రూవిలో, డబ్బు మార్చే ఎక్స్ఛేంజ్ దుకాణం మీది గది ఇనాయత్ డిటెక్టివ్ ఆఫీసు. హైదరాబాద్‌లో పోలీసు ఉద్యోగం వదిలి వచ్చిన మనిషి. కడప నుంచి వచ్చిన అజ్మత్ ఆయనకు సహాయకుడు. ఇనాయత్ ఏది చూస్తే అజ్మత్ కూడా దాన్నే చూసేవాడు, తనకేమీ కనబడకపోయినా.

1976 వేసవిలో ఒక పొద్దున, ఇబ్రా నుంచి సిమెంటు లారీ ఎక్కి ఒకతను వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నా పేరు పోచన్న, సాబ్. మా తమ్ముడు లచ్చన్నను షుర్తా పోలీసులు తీస్కపోయిండ్రు. విమానం కూల్చింది వాడేనంట. పానం దక్కదంటున్నరు."

అతని కంపెనీ ఇబ్రా దగ్గర రోడ్డు వేస్తోంది. సామాను తేవడానికి చిన్న విమానం ఉండేది. అది మట్టి రన్‌వే మీంచి లేచీ లేవగానే ఎడమకు ఒరిగి కూలింది. లోపల ఒక్కడే ఉన్న కెప్టెన్ చనిపోయాడు.

"నీ తమ్ముని మీదికే ఎందుకొచ్చింది?"

"ముందురోజు మెకానిక్ ఫజల్ రెక్కల తీగలు కొత్తవి ఏసిండు. సాయంత్రం కెప్టెన్ లోపల చక్రం తిప్పుతుంటే, బయట నిలవడి చెయ్యి చూపింది నేనే. అంత సరిగ్గనే ఉండె. రాత్రి కావలి లచ్చన్నది. గందుకని, రాత్రి వాడే తీగలు మార్చిండంటున్నరు."

"నువ్వు మొదటి నుంచి విమానం కాడనేనా?"

"లేదు సాబ్. క్రేన్ కాడ సిగ్నల్ ఇచ్చేటోన్ని. ఆపరేటర్ కండ్లల్ల నుంచి కన్ను తియ్యకపోదును. నా చేతి కింద ఒక్కనికి దెబ్బ తగల్లేదు."

"సాయంత్రం అంత సరిగ్గ ఉండెనని ఒట్టేస్తవా?"

"పోచమ్మ మీద ఒట్టు."

ఇనాయత్ ముఖం ఎందుకు మాడిందో అజ్మత్‌కు తెలియలేదు.

ఇబ్రాలో రేకుల షెడ్డు కింద విమానం ముక్కలు పరిచారు. హైదరాబాద్ నుంచే ఇనాయత్‌ను ఎరిగిన ఫజల్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"పోలీసు నౌకరీ ఇడిసిపెట్టి ఇప్పుడు విమానాలు బాగుజేస్తున్రా సాబ్?"

"నేర్చుకుంటున్న. ఇది ఒక పక్కకు ఎట్ల తిరుగుతది?"

"రెక్క వెనక అంచుకు ఈ రేకు ఉన్నది గద. కెప్టెన్ చక్రం ఎడమకు తిప్పితే తీగ గుంజుకుంటది. ఎడమ రేకు లేస్తది, కుడి రేకు దిగుతది. గాలి ఎడమ రెక్కను అణుస్తది, కుడి రెక్కను లేపుతది. విమానం ఎడమకు ఒరుగుతది."

అజ్మత్ తీగ దారిలో ఉన్న గిలకను వేలితో తిప్పాడు. "ఇది మా బాయి గిలక మాదిరే ఉండాదే."

"బాయిల పడితే నీళ్ళన్న దొరుకుతయ్ మియా."

"ఆ పొద్దు కెప్టెన్ ఎటు తిప్పిండు?" అన్నాడు ఇనాయత్.

"ఎడమకు ఒరుగుతుంటే కుడికి తిప్పిండు. ఇగో, చక్రం అట్లనే ఇరుక్కపోయింది. తిప్పినకొద్దీ ఇంకింత ఎడమకే పోయింది. తీగలు అటుదిటు అయినయ్. ఆ లచ్చన్న పనే."

ఇనాయత్ తీగల అతుకు దగ్గర వంగాడు. అతుకు వదులు కాకుండా సన్న వైరు మెలివేసి, పైన ఎర్ర లక్క పూసి ఉంది. లక్క ఎక్కడా పగల్లేదు.

"ఈ మెలిక ఎవరిది?"

"నాదే. ఇట్ల ఎయ్యాల్నంటే ఇంకొకడు పుట్టాలె."

మర్నాడు అందరూ మస్కట్ నుంచి వచ్చిన రెండో విమానం దగ్గరికి చేరారు. మేనేజర్, ఫజల్, బేడీలతో లచ్చన్న, అతని పక్కన షుర్తా అధికారి. పోచన్నను ఇనాయత్ విమానం ముందు నిలబెట్టాడు.

"ఆ సాయంత్రం చేసినట్లే చెయ్యి."

ఇనాయత్ లోపల కూర్చుని చక్రం ఎడమకు తిప్పాడు. పోచన్న అద్దంలోంచి ఆయన కళ్ళనే చూస్తూ ఎడమ రెక్క వైపు చెయ్యి ఎత్తాడు. ఇనాయత్ కుడికి తిప్పాడు. పోచన్న రెండో చెయ్యి ఎత్తాడు. ఇనాయత్ దిగి వచ్చాడు.

"రేకులు లేచినయా, పోచన్నా?"

"లేచినయ్ సాబ్. సరిగ్గనే ఉన్నది."

"పొద్దున ఫజల్‌తోని ఈ విమానం తీగలు ఊడదీయించిన. రేకులు కదలనే లేదు."

మేనేజర్ రెక్కల వెనక్కి వెళ్లి చూశాడు. ఇనాయత్ నెమ్మదిగా చెప్పుకుపోయాడు.

"రాత్రి తీగలు మార్చాల్నంటే వైరు తెంపాలె, లక్క పగలగొట్టాలె. రెండూ ఫజల్ చేసినవి చేసినట్లే ఉన్నయ్. అంటే తప్పుగ తగిలించింది ఫజలే, తెల్వక. మరి సాయంత్రం ఎందుకు దొరకలే? రెక్క కెప్టెన్ తల మీద ఉంటది, వెనక రేకు ఆయనకు కనబడదు. బయటి మనిషి రేకును చూసి చెయ్యి ఎత్తాలె. క్రేన్ కాడ చెయ్యి ముందు లేస్తది, మిషన్ దాని మాట వింటది. పోచన్న ఇక్కడ గూడ కెప్టెన్ కండ్లనే చూసిండు. ఎటు తిప్పితే అటు చెయ్యి ఎత్తిండు. లచ్చన్న ఏమీ చెయ్యలేదు."

పోచన్న తన రెండు చేతులూ కిందికి దించాడు. ఫజల్ ఇసుకలో కూర్చుండిపోయాడు.

మేనేజర్ షుర్తా అధికారికి ఇనాయత్ మాటలన్నీ అరబ్బీలో చెప్పాడు. అధికారి లచ్చన్న బేడీలు తీసి పోచన్నకు వేశాడు. ఫజల్‌ను లేవమన్నాడు. లచ్చన్నను తర్వాతి విమానంలో బొంబాయికి పంపేస్తామని మేనేజర్ చెప్పాడు.

"మన దగ్గరికి వచ్చింది ఈయప్పే గదా సార్," అన్నాడు అజ్మత్. "చెప్పకుండా ఉంటే?"

"తమ్ముడు పోయేటోడు."

"ఇప్పుడు ఈయన పోతాండాడు."

ఇనాయత్ షుర్తా జీపు వైపు చూశాడు. ఆయన చూసిన వైపు అజ్మత్ చూడకపోవడం అదే మొదలు.

జీపు దాకా లచ్చన్న అన్న వెంట నడిచాడు.

"వదినెకు ఏం చెప్పాలె అన్నా?"

పోచన్న జీపు ఎక్కి కూర్చున్నాడు. బేడీల చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"డ్యూటీల ఉన్నడని చెప్పు," అన్నాడు.