పట్టిసీమ లాంచీలో మిడిల్ డ్రాప్

"పేకాట వచ్చటయ్యా నీకు?" అని అడిగారు చీఫ్ జగన్నాథరావు గారు.

రాజమండ్రిలో హోమియో మందుల షాపు వెనకగది అది. సీక్రెట్ సర్వీస్ ఆఫీసు. దేశరక్షణ కోసం ప్రభుత్వం ఆ గదికి ఇచ్చినవి ఒక టేబుల్ ఫ్యాను, రెండు కుర్చీలు. రెండింట్లో కుంటిది ఏజెంట్ లాజరుకి దక్కింది.

"రమ్మీ వచ్చండి. గోదావరి జిల్లాలో పుట్టి రాదంటే నమ్ముతారాండి?"

"రమ్మీ కాదు. స్టడ్ పోకర్, హై-లో. మనిషికి ఏడు ముక్కలు. మొదటి రెండూ, ఆఖరిదీ మూత. మధ్య నాలుగూ అందరికీ కనపడేలా పరుస్తారు. ఏడింట్లో మంచి ఐదు ఏరుకోవాలి. పెద్ద ఆట పడ్డవాడికి పందెంలో సగం, చిన్న ఆట పడ్డవాడికి మిగతా సగం."

"చిన్నదంటేనండి?"

"ఎనిమిదికి మించని ఐదు ముక్కలు. జత ఉండకూడదు. ఎంత చిన్నవైతే అంత గొప్ప. ఆసు పెద్దకీ పనికొస్తుంది, చిన్నకీ పనికొస్తుంది."

"మన జిల్లా నాయకుల్లాగన్నమాట. ఒకడే రెండు సగాలూ కొట్టొచ్చాండి?"

"కొట్టొచ్చు. అదే మన తలనొప్పి."

చీఫ్ రెండు ఫోటోలు టేబుల్ మీద పడేశారు. ఒకడు క్రోల్, విదేశీ గూఢచారి. రొయ్యల మేత నిపుణుడినని చెప్పుకుని మూడేళ్లుగా డెల్టాలో తిరుగుతున్నాడు. రొయ్యకి తల ఎటుందో ఇప్పటికీ తెలియదు. రెండోవాడు చినబాబు, పై ఆఫీసు గుమాస్తా, లాజరుని ఎన్నడూ చూసినవాడు కాదు. మూడు నెలలుగా సెలవులో ఉన్నాడు. సెలవుతోపాటు ఒక ఫ్లాపీ డిస్కు కూడా పట్టుకెళ్లాడని నిన్ననే తెలిసింది.

"ఫ్లాపీలో విదేశీ గూఢచారుల్లో కలిసిపోయి పనిచేసే మనవాళ్లు పదకొండు మంది పేర్లున్నాయి. ఎవరో నాకూ తెలీదు. అది చేతులు దాటిందా, పదకొండు ఇళ్లకి టెలిగ్రాములే. ఒక కవర్లో ఫ్లాపీ, ఇంకో కవర్లో పాస్‌వర్డ్. రేపు పట్టిసీమ లాంచీలో పందెం ఆ రెండు కవర్లే. పట్టుబడితే పేకాటలో గెలిచానంటాడట క్రోల్. ఏం తెలివయ్యా! మూడో ఆటగాడు తణుకు పంచదార వ్యాపారి. అతన్ని కొవ్వూరు లాడ్జిలో కూర్చోబెట్టాం. అతని మొహం వాళ్లెవరూ ఎరగరు, అతని బదులు నువ్వు. సగం గెలిస్తే చాలు. పాస్‌వర్డ్ లేని ఫ్లాపీ ఉత్త రేకు."

"పంచేదెవరండి?"

"ఆశాజ్యోతి. అటువైపు మనిషి."

ఆ పేరు లాజరుకి కొత్త కాదు. ఆరేళ్ల క్రితం గోదావరి స్టేషన్లో ఆమె కోసం నీళ్ల సీసా కొనడానికి వెళ్లి, తిరిగొచ్చేసరికి కదిలిపోతున్న రైలు వెనక పెట్టె మాత్రం చూశాడు. ఆ సీసా ఎక్కడ పారేశాడో ఇప్పటికీ గుర్తులేదు.

చీఫ్ ఓ సిగరెట్ లైటరు అందించారు. "కెమెరా. జాగ్రత్త, ఫారిన్‌ది." అది కెమెరాగా పనిచేయలేదు. లైటరుగానూ పనిచేయలేదు.

మర్నాడు ఉదయం లాంచీ మెట్టు దగ్గర నల్ల కళ్లజోడువాడు అడ్డుపడ్డాడు.

"పంచదార తడిసిందాండి?"

"బస్తా విప్పకముందే కరిగిందండి," అన్నాడు లాజరు. వాడు దారి ఇచ్చాడు. సంకేతం కనిపెట్టినవాడికి బుర్ర లేకపోయినా ఆశుకవిత్వం ఉంది.

ఆశాజ్యోతి పచ్చ షిఫాన్ చీరలో కూర్చుని పేక కలుపుతోంది. "నమస్కారమండి," అంది, పరాయివాడితో అన్నట్టే. క్రోల్ ముందు జీడిపప్పు ప్లేటు, ఒళ్లో తువ్వాలు, దాని కింద పిస్తోలు. లాంచీ వెనకే ఒక మోటారు బోటు వస్తోంది. గెలిచిన మరుక్షణం అందులోకి దూకుతాడు.

లాజరు ఆమె వేళ్లే చూశాడు. కింది ముక్కలు కలుస్తున్నాయి, పైవి కదలడం లేదు. పేక ముందే పేర్చి ఉంది. పంచే వరుస ఇది: ముందు చినబాబు, తర్వాత క్రోల్, ఆఖర్న తను. పేర్చిన పేక రైలు పెట్టెల్లాంటిది. ఒక్క పెట్టె ఊడితే ఎవరి సీట్లో ఎవరో.

ఆరేసి ముక్కలు పడ్డాయి. క్రోల్ ముందు నాలుగూ ఆఠీన్లే: ఆసు, నాలుగు, ఐదు, ఏడు. ఇంకో చిన్న ఆఠీను పడితే పెద్దాటా వాడిదే, చిన్నాటా వాడిదే. వాడు అప్పుడే కవర్ల వైపు చూసి నవ్వుతున్నాడు. లాజరుకి మూతలో ఆసు, రాణి. పైన రెండు, నాలుగు, ఐదు, జాకీ. చినబాబు ముందు పొంతనలేని బొమ్మలు.

"చినబాబు గారూ, ఆ ముక్కలతో ఇంకా ఎందుకండీ? ఆఖర్న ఓడి ఫుల్ కౌంటు రాయించుకుంటారా?"

"ఆఖరుదాకా ఉండమన్నా... ఉందామనుకున్నానండి."

"మా తణుకులో పాలేరు కూడా ఈపాటికి ముక్కలు పడేసి మిడిల్ డ్రాప్ వేసేస్తాడండి. మీ తూర్పుగోదావరి వాళ్లకి తెలీదు కాబోలు."

"మాకు తెలీదాండి? పేక పట్టడం మీకు నేర్పిందే మేము!" ఇరవై ఏళ్ల రమ్మీ అలవాటు చినబాబు చేతిని నడిపింది. ఆరు ముక్కలూ బోర్లించి మధ్యలో కొట్టాడు. "డ్రాప్!"

"నో! యూ ఫూల్!" క్రోల్ మొహం పాలిపోయింది.

"వేసిన డ్రాపు వెనక్కి తియ్యకూడదండి," అన్నాడు లాజరు వినయంగా.

ఆఖరి ముక్క. ఆశాజ్యోతి వేలు పేక మీద ఆగింది. పైదొకటి పక్కన పడేస్తే చాలు, రైలు మళ్లీ పట్టాలెక్కుతుంది. క్రోల్ దగ్గాడు. మళ్లీ దగ్గాడు.

ఆమె ఏదీ పక్కన పడేయలేదు. పైది క్రోల్‌కి, తర్వాతది లాజరుకి.

క్రోల్‌కి వచ్చింది చినబాబు కోసం పేర్చిన ఇస్పేటు రాణి. మూతలో ఉన్న రాజుల జత తప్ప వాడికి ఏమీ కుదరలేదు. చిన్నాట అసలే లేదు. క్రోల్ కోసం పేర్చిన ఆఠీను మూడు లాజరు తిప్పాడు.

"ఆసు, రెండు, మూడు, నాలుగు, ఐదు. వరుస పడింది కాబట్టి జతని కొట్టిందండి. ఇంతకంటే చిన్నాట లేదు కాబట్టి అదీ నాదేనండి." రెండు కవర్లూ జేబులో పెట్టుకున్నాడు.

తువ్వాలు జారింది. క్రోల్ గురిపెట్టి నొక్కాడు. టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది.

"గుళ్లు జీడిపప్పు ప్లేటులో ఉన్నాయండి," అంది ఆశాజ్యోతి. "అడుగున."

పట్టిసీమ రేవులో పోలీసులు సిద్ధంగా ఉన్నారు. మోటారు బోటు పోలీసుల్ని చూసి ఎప్పుడో వెనక్కి తిరిగింది. బేడీలు వేస్తుంటే చినబాబు ఏడుపు లంకించుకున్నాడు. "నేను ముందే డ్రాప్ వేశానండి! ఈ ఆటతో నాకు సంబంధం లేదండి!"

"ఫ్లాపీలో పదకొండో పేరు నాదే," అంది ఆశాజ్యోతి, మెట్టు దగ్గర.

"ఆ రోజు స్టేషన్లో చెప్పొచ్చుగా?"

"చెబితే వెళ్లగలిగేదాన్నా?"

ఇసుక మీదుగా నడిచి, గట్టెక్కి, ఆగి ఉన్న బస్సెక్కింది. ఈసారి లాజరు నీళ్ల సీసా కోసం పక్కకి వెళ్లలేదు. బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడ్డాడు.

వారానికి పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. విధి నిర్వహణ వేళలో జూదమాడినందుకు, ప్రభుత్వ లైటరు పాడుచేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. లాజరు కుంటి కుర్చీలో కూర్చుని జవాబు రాశాడు:

"అయ్యా, ఆ ఆట నేను ఆడింది సగమే. మిగతా సగం పట్టిసీమలో బస్సెక్కి వెళ్లిపోయింది. దాని సంజాయిషీ నాకూ కావాలి. అడ్రసు దొరికితే తెలియజేయగలరు."